చెంచాడు తోడు

మా తోటికోడలు ఇందుమతి బరువు నలభై ఆరు కిలోలు. కొత్తకోడలిగా మా ఇంట్లో అడుగుపెట్టిన రోజునా అంతే, ఇద్దరు పిల్లల్ని కన్నాకా అంతే. ఆవకాయన్నంలో నెయ్యి ధారగా పోసుకునేది. బడి నుంచి రాగానే రెండు కాజాలు తినేది. నేను పక్కన కూర్చుని ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగుతూ చూస్తుండేదాన్ని. అప్పట్లో నా బరువు తొంభై ఒకటి.

ఒళ్ళు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. ఆమె బుర్ర కూడా అలాంటిదే. లెక్కల టీచరు. బంధువుల్లో ఎవరి పెళ్ళిరోజు ఎప్పుడో, ఎవరి తద్దినం ఏ తిథినాడో, గ్యాసుబండ ఏ తారీఖున మార్చామో, అన్నీ నోటిమీదే. మాది కాకినాడలో రెండు వాటాల ఇల్లు. కింద నేను, మా ఆయన, అత్తగారు. పైన ఇందు, మా మరిది వాసు. పెద్దకోడల్ని నేనే అయినా ఏదన్నా కావాలంటే అత్తగారు మెట్లవైపు తిరిగి "ఇందూ" అని కేకేసేవారు.

నేను మాట మధ్యలో ఆగితే మిగతాది తను పూర్తిచేసేది.

"మొన్న వచ్చిందే, ఆవిడ... అదే... చెవులకి ఎర్రరాళ్ళ దుద్దులు పెట్టుకుని..."

"రాజ్యలక్ష్మి పిన్నిగారమ్మాయి అక్కా. సామర్లకోటలో ఇచ్చారు."

అందులో ఎత్తిపొడుపు ఉండేది కాదు. ఉంటే తిట్టుకునేదాన్ని. చంటిపిల్లకి జారిపోయిన పాలసీసా అందించినట్టు అందించేది. అదే నాకు కడుపుమంట.

ఒకరోజు బస్సు దిగి, పాతికేళ్ళుగా నడుస్తున్న మా వీధి మొదట్లో నిలబడి, ఇంటికి కుడివైపు వెళ్ళాలో ఎడమవైపు వెళ్ళాలో తోచక పావుగంట అలాగే ఉండిపోయాను. ఎదురుగా ఇస్త్రీ బండి ఆమె "ఏంటి కనకంగారూ, ఎవరికోసం?" అంటే, మా ఆయన కోసం అని అబద్ధం చెప్పాను. ఆ వారమే మా ఆయన నన్ను ఊరి చివర ఉన్న పరిశోధన కేంద్రానికి తీసుకెళ్ళారు.

అక్కడ డాక్టర్ వకుళ అని నలభై దాటిన మనిషి. చేతికి నాలుగు గాజులు, జుట్టు ముడి. నా తల బొమ్మ తెరమీద పెట్టి, దానిపక్కన ఇంకో బొమ్మ పెట్టింది.

"ఇది మీది. యాభై రెండేళ్ళు. పక్కది ఇంకో ఆవిడది. ఆమెకి అరవై ఆరు. తేడా చెప్పండి చూద్దాం."

నాకు రెండూ ఒకేలా కనిపించాయి. ఆ మాటే అన్నాను.

"నాకూ అలాగే కనిపిస్తున్నాయండీ," అందావిడ. "అదే చిక్కు."

తర్వాత పదిహేను మాటలు చదివి వినిపించింది. గొడుగు, రేవు, తాళంకప్ప, జామపండు... అరగంట పోయాక అడిగితే నాలుగే చెప్పగలిగాను. అందులో ఒకటి ఆవిడ చెప్పనే లేదట.

"నా మతిమరుపుకీ, ఈ ఒంటికీ ఏంటమ్మా సంబంధం?"

"పొట్టలో కొవ్వు ఊరికే కూర్చోదండీ. రక్తంలోకి ఏదో ఒకటి వదులుతూనే ఉంటుంది. దాంతో పైన సన్నగా సెగ పెట్టినట్టవుతుంది. పొగ రాదు కాబట్టి మనకి తెలీదు." ఆవిడ ఫ్రిజ్ తీసి చిన్న గాజు సీసా నా చేతిలో పెట్టింది. మూత తీసి వాసన చూశాను.

"ఇది పెరుగు కదూ?"

"పెరుగే. ఇందులోది మాత్రం మేం తయారుచేసిన జీవి. కడుపులో చేరి ఆ కొవ్వుని తింటుంది, తిన్నదాన్ని మెదడుకి పనికొచ్చే ఇంధనంగా మార్చి పంపిస్తుంది. ఏడేళ్ళు పట్టింది నాకు. తీరాచేస్తే డబ్బాలో పెడితే చచ్చిపోతోంది, మాత్రలో పెడితే చచ్చిపోతోంది. రోజూ కొత్తపాలలో తోడేస్తేనే బతుకుతుంది. అందుకే మీలాంటి ఇల్లాళ్ళు కావలసొచ్చారు."

తొమ్మిది నిబంధనల కాగితం మీద సంతకం పెట్టించుకుంది. నాలుగోదాని దగ్గర ఆగి, గాజుల చెయ్యి బల్లమీద ఆనించి మరీ చెప్పింది. "ఈ తోడు ఎవరికీ ఇవ్వకూడదు. ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్ళకి. మీ ఒంట్లో దానికి తిండి ఉంది. వాళ్ళ ఒంట్లో లేదు. మెదడులో నరాల మీద కొవ్వు తొడుగు ఉంటుంది, కరెంటు తీగ మీద ప్లాస్టిక్కులాగా. కింద తిండి దొరక్కపోతే పైకి పోయి దాన్ని పట్టుకుంటుంది."

ఇంట్లో బీపీ పరీక్షలకని చెప్పాం. మా ఆయన అత్తగారికైనా చెబుదామన్నారు. అత్తగారికి చెబితే ఇందుకి తెలుస్తుంది, ఇందుకి తెలిస్తే సీసా కడగడం దగ్గర్నుంచి అన్నీ తనే గుర్తుచేస్తుంది. వద్దన్నాను. ఇంటి పెరుగు గిన్నెతో కలవకుండా నా పెరుగుని చిన్న పింగాణీ జాడీలో తోడేసి పై అలమరలో పెట్టుకునేదాన్ని.

నాలుగు నెలల్లో పదమూడు కిలోలు తగ్గాను. అది చూసి అందరూ మెచ్చుకున్నారు. నా సంతోషం మాత్రం ఇంకోటి. పదిహేను మాటలకి పదిహేనూ చెప్పాను, కావాలంటే వెనకనుంచి ముందుకి కూడా. నాకెప్పుడో చిన్నప్పుడు మా పెద్దమ్మ చెప్పిన పొడుపుకథలు వరసగా గుర్తొచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం అత్తగారు ఎవరిదో ఊరు పేరు కోసం తడుముకుంటూ మెట్లవైపు తిరగబోతుంటే, "జగ్గంపేటండీ" అన్నాను బియ్యం ఏరుతూనే. ఆవిడ నావైపు తిరిగి చూశారు. పాతికేళ్ళ కాపురంలో ఆ చూపు కోసం ఎంత చూశానో ఆ క్షణానిగ్గానీ నాకు తెలియలేదు.

ఇందు కూడా గమనించింది. ఒకసారి వాళ్ళ వేలువిడిచిన మామయ్య పెళ్ళి ఏ ఏడాదో తను ఒకటి చెబితే, కాదని నేను సరిచేశాను. "అవునవును, అక్కే కరెక్టు," అని నవ్వింది గానీ చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత తరచు కిందకి రావడం మొదలుపెట్టింది.

"ఏం తింటున్నావక్కా? నిజం చెప్పు. ఏదో లేహ్యం తెప్పించుకుంటున్నావు కదూ?"

"లేహ్యమూ లేదు, పాడూ లేదు. నడుస్తున్నాను."

"నేనూ నడుస్తున్నాగా, బడికి!"

"నీకెందుకే నడక? నువ్వింకా తగ్గితే గాలికి పోతావు."

అన్నానే గానీ రాత్రింబవళ్ళూ ఆమెనే చూస్తూ ఉండేదాన్ని. నేను ఎక్కడానికి ఇంత పాటుపడ్డ మెట్టుమీద ఆమె పుట్టినప్పట్నుంచీ కూర్చుని ఉంది. అదీ కాళ్ళు ఊపుకుంటూ.

ఆ శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర నా కొత్త జాకెట్టు వదులైందని పక్కల కుట్టు వేస్తున్నాను. అత్తగారు చూసి, "ఎంత తగ్గినా ఇందు వాటం రాదే కనకం. అది పుట్టుకతో రావాలి," అన్నారు. ఆరోజు బడికి సెలవని ఇందు పక్కనే ఉంది. "ఊరుకోండత్తయ్యా," అని నవ్వింది. చిన్న నవ్వే. నోట్లో ముద్ద ఉంది కాబట్టి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయంత్రం అయిదున్నరకి చిన్న గిన్నె పట్టుకుని కిందకి దిగింది.

"అక్కా, ఎండకి నా పెరుగు పులిసి పాడైపోయింది. కాస్త తోడుంటే వెయ్యవా?"

మా ఇంటి పెరుగు అయిపోయింది. గిన్నె తోమి బోర్లించి ఉంది. పై అలమరలో జాడీ ఒక్కటే ఉంది. తోడడిగితే లేదనే అలవాటు మా వీధిలో ఏ ఇంటికీ లేదు. పొట్లాడుకుని మాటలు మానేసిన వాళ్ళు కూడా తోడు మాత్రం గోడమీంచి ఇచ్చిపుచ్చుకుంటారు. అయినా నేను ఒక్కమాట అంటే సరిపోయేది. అయిపోయిందే, పక్కింట్లో అడుగు అంటే అడిగేది.

నాలుగో నిబంధన నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఆ మాటలు చెప్పేటప్పుడు బల్లకి తగిలిన గాజుల చప్పుడుతో సహా. వాసు పెరుగు ముట్టడనీ, పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారనీ, ఆ పెరుగు తినేది ఇందు ఒక్కతేననీ కూడా గుర్తొచ్చింది. ఆరునెలల కిందటి మనిషినైతే నాకివేవీ తోచేవి కావు.

స్టూలెక్కి జాడీ దించి ఒక చెంచాడు వేశాను.

ఒక్క చెంచాడేగా అనుకున్నానని చెబితే అది అబద్ధం. ఇవాళ్టి పెరుగు రేపటికి తోడవుతుంది, రేపటిది ఎల్లుండికి. పాలు కాచుకునే ఏ ఆడదానికైనా తెలిసిన సంగతే అది.

రెండురోజుల తర్వాత మెట్లమీంచే అరిచింది. "నీ తోడు బ్రహ్మాండంగా ఉందక్కా! గిన్నె బోర్లించినా కదలట్లేదు. ఇంక ఇదే వాడతాను."

"వాడు," అన్నాను.

మూడోవారంలో మొదలైంది. తాళంచెవి తలుపుకే వదిలేసి బడికి వెళ్ళింది. ఒకే కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. తొమ్మిదో తరగతిలో లెక్క మొదలుపెట్టి, బోర్డు ముందు సుద్దముక్కతో నిలబడి, పిల్లలవైపు తిరిగి "ఇక్కడిదాకా ఎందుకొచ్చాం?" అని అడిగిందట. తనే వచ్చి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది. అత్తగారూ నవ్వారు.

"ఏంటే ఇందూ, అక్క జబ్బు నీకంటుకుందా?"

నేను నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడ్డాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు. ఎవరికీ చూపించదగ్గట్టు లేదు. ఆమె ఏదన్నా మాటకోసం తడుముకుంటుంటే నేను వెంటనే అందించేదాన్ని కాను. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుని, పక్కవాళ్ళందరూ ఆమెవైపు చూశాక అందించేదాన్ని.

మర్నాడో, ఆ మర్నాడో చెబుదామని ప్రతి ఉదయం అనుకునేదాన్ని.

సోమవారం నా పరీక్ష. లోపల గదిలో అద్దాల పెట్టెల్లో ఎలుకలున్నాయి. వకుళ నా మార్కులు రాసుకుంటుంటే నేను లేచి చూస్తున్నాను. ఒక పెట్టెలో బక్కచిక్కిన ఎలుక తిండిగిన్నె చుట్టూ తిరుగుతోంది. గిన్నెను ముక్కుతో తాకి, మళ్ళీ మర్చిపోయినట్టు అవతలి మూలకి పోయి వెతుకుతోంది.

"దీనికేమైందమ్మా?"

"అది సన్నజాతి ఎలుకండీ. కావాలనే దానికి మన పెరుగు పెట్టాం. నలభై అయిదు రోజుల లోపల ఆపేసినవి కోలుకున్నాయి, బాగా కొవ్వు పెట్టి మేపితే తొడుగు మళ్ళీ పెరిగింది. నలభై అయిదు దాటినవి ఇదిగో, ఇలా ఉండిపోయాయి."

"మనిషికైతే ఎన్నాళ్ళు?"

"ఎవరికి తెలుసు? మనిషికి పెట్టి చూడం కదా."

ఆరోజుకి ముప్ఫై ఎనిమిది. కుర్చీలో కూర్చునేలోపే లెక్కేసుకున్నాను. ఇంక ఏడు రోజులుంది. వకుళ ఎదురుగానే ఉంది. నోరు తెరిచాను కూడా. కానీ వచ్చే ఆదివారం మా అత్తగారికి ఎనభై ఏళ్ళు నిండిన సందర్భానికి భోజనాలు పెట్టుకున్నాం. నూట యాభైమంది చుట్టాలు వస్తారు. ప్రతి శుభకార్యానికీ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళని పేరూ వరసా పెట్టి పిలిచి లోపలికి తీసుకొచ్చేది ఇందు. ఈసారి అత్తగారు, "కనకం నిలబడుతుందిలే, ఇందుకి ఒంట్లో బావున్నట్టు లేదు," అన్నారు. నాకా ఒక్క ఆదివారం కావాలి. సోమవారం నలభై అయిదో రోజే అవుతుంది కదా, లెక్కకి సరిపోతుంది అనుకున్నాను.

ఆ ఆదివారం నేను నిలబడ్డట్టు మా వంశంలో ఎవరూ నిలబడి ఉండరు. "రండి బాబాయిగారూ, మోకాలు ఎలా ఉంది? పిన్నిగారు రాలేదేం? ఏమ్మా స్వప్నా, నీ రెండోది బళ్ళో చేరిందా?" అంటూ ఒక్కరిని తప్పలేదు. "కనకానికి ఏమైందే, సరస్వతి పూనిందా!" అని ఎవరో అంటే అత్తగారు కుర్చీలోంచి, "మా పెద్దకోడలు," అన్నారు, అప్పుడే కొత్తగా పరిచయం చేస్తున్నట్టు.

ఇందు గంధం గిన్నె పట్టుకుని లోపలి గుమ్మం దగ్గరుంది. ఒక ముసలావిడ వచ్చి ఆమె గడ్డం పట్టుకుంది.

"ఏంటే ఇలా చిక్కిపోయావు? బాగున్నావా?"

"బావున్నానండీ," అంది ఇందు మర్యాదగా గంధం రాస్తూ. "మీరు ఎవరి తరఫునండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ముసలావిడ కూడా, "చూశారా దీని వేళాకోళం!" అని నవ్వుతూ వెళ్ళింది. ఇందు నవ్వలేదు. గిన్నె నా చేతిలో పెట్టి, నన్ను సామాన్ల గదిలోకి లాక్కెళ్ళింది.

"అక్కా, ఆవిడెవరు?"

"మీ పెద్దమ్మే. అమ్మ పోయాక నిన్ను పెంచిందావిడే కదే."

ఇందు గోడకి ఆనుకుంది. "మా పెద్దమ్మా?" అని మూడుసార్లు అంది. తర్వాత నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఎవరికీ చెప్పకక్కా. నువ్వయితే ఎవరికీ చెప్పవు. నీకు తెలుసుగా ఎలా ఉంటుందో."

నాకు తెలుసు. ఆ వీధి మొదట్లో నిలబడ్డ పావుగంట ఎలా ఉందో నాకంటే తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అయినా ఆరోజు చెప్పలేదు. బయట పంక్తి లేస్తోంది, తాంబూలాలివ్వాలి.

సోమవారం పొద్దున్నే ఒక్కదాన్నీ వెళ్ళి వకుళకి చెప్పాను. ముందు నోట్లోకొచ్చింది నాకు పాత అలవాటైన మాటే.

"మరిచిపోయానమ్మా. తోడడిగింది, ఇచ్చేశాను."

వకుళ కలం తీసింది. "ఎప్పుడు?"

"పధ్నాలుగో తారీఖు, శుక్రవారం. సాయంత్రం అయిదున్నర."

"ఎంత ఇచ్చారు?"

"ఒక చెంచాడు. మర్నాటి మధ్యాహ్నం నుంచి తింటోంది. ఇవాళ్టికి నలభై అయిదో రోజు."

ఆవిడ రాయడం ఆపి తలెత్తింది. "తారీఖు, వారం, వేళ, రోజుల లెక్క. ఇన్ని గుర్తున్నాయి. నాలుగో నిబంధన ఒక్కటీ మర్చిపోయారు," అంది మెల్లగా.

నా జవాబు కోసం ఆవిడ ఆగలేదు. ఫోన్ తీసుకుని నిలబడే ఎవరెవరితోనో మాట్లాడింది. ఆ మధ్యాహ్నానికి ఇందుకి మందులు మొదలయ్యాయి. వారం తిరక్కుండా ప్రయోగం ఆపేశారు. ఆ పెరుగు తోడేస్తున్న ప్రతి ఒక్కరి ఇంటికీ వచ్చి జాడీలు పట్టుకెళ్ళి మరిగించేశారు. మా వీధిలో ఇందు ఇంకెవరికన్నా తోడిచ్చిందా అంటే ఆమె చెప్పలేకపోయింది. నేనే గుమ్మం గుమ్మం ఎక్కి అడిగాను. ఎవరికీ ఇవ్వలేదని తేలింది. నా జాడీ తీసుకెళ్ళడానికి వకుళే వచ్చింది. ఏడేళ్ళ పని సంచీలో పెట్టుకుని వీధిమెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఎలుకల లెక్క ఇందుకి సరిపోలేదు. ఆమెకి గడువు ఎప్పుడో దాటిపోయింది. బహుశా ఆ సోమవారం, ఆ ఎలుక ముందు నేను నోరు తెరిచి మూసుకున్ననాటికి దాటలేదేమో. నాకా సంగతి ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఇందు కిందే మాతో ఉంటోంది. ఉద్యోగం మానిపించారు. పాతవి చాలావరకు తిరిగొచ్చాయి, పెద్దమ్మతో సహా. కొత్తది మాత్రం పూట దాటి నిలవదు. బరువు పెరగాలన్నారు కాబట్టి అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని, నెయ్యన్నం కలిపి స్వయంగా ముద్దలు పెడతారు. "ఇంకొక్కటి తల్లీ," అంటారు. యాభై ఎనిమిది కిలోలైంది. నేను చారు వడ్డిస్తూ ఆ ముద్దలకేసే చూస్తుంటాను. ఇంత జరిగాక కూడా చూస్తుంటాను.

అందరికీ నేనే చెప్పాను. వాసు నాతో మాట్లాడడు. మా ఆయన అవసరానికి మాట్లాడతారు. అత్తగారు ఆ రోజునుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. నా ఒంట్లో జీవి చచ్చిపోయినా, అది చేసిన మేలు అలాగే ఉంది. బరువు పెరక్కుండా చూసుకుంటే ఉంటుందట కూడా.

రోజూ పొద్దున్న పళ్ళు తోముకుని వచ్చి, మందుల డబ్బా చూసి ఇందు అడుగుతుంది.

"ఇవెందుకక్కా? నాకేమైంది?"

చెబుతాను.

"నీకు తెలీక ఇచ్చావు కదూ?"

"తెలిసే ఇచ్చానే."

"ఎందుకు?"

"నిన్ను చూసి ఓర్వలేక."

ప్రతిరోజూ ఆమె ఆ మాట మొదటిసారి వింటుంది. ఒకరోజు ఏడుస్తుంది. ఒకరోజు గ్లాసు విసిరికొడుతుంది. ఒకరోజు "వాసుకి తెలుసా?" అని మాత్రం అడిగి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఒక్కసారి వాసే గుమ్మం బయటినుంచి, "రోజూ దాన్నెందుకేడిపిస్తారు వదినా? ఏదో ఒకటి చెప్పెయ్యండి," అన్నాడు. మర్నాడు అలాగే చెప్పాను. "మర్చిపోయి ఇచ్చానే ఇందూ," అన్నాను. ఆమె నా చెయ్యి నిమిరింది. "పోన్లే అక్కా. నీకు మరుపెక్కువ కదా, నువ్వేం చేస్తావు పాపం," అంది. ఆ మర్నాటినుంచి మళ్ళీ ఉన్నదే చెబుతున్నాను.

సాయంత్రానికి అంతా పోతుంది. పొద్దున్న నన్ను చూసిన చూపు, ఆ ఏడుపు, ఏదీ ఉండదు. తలదువ్వుకుని, బొట్టు పెట్టుకుని, పాటేదో కూనిరాగం తీస్తూ వస్తుంది. ఆ తేటమొహం చూస్తే, ఏ దేవుడి ముందైనా ఒప్పుకుంటాను, నాకు కుళ్ళు పుడుతుంది. అంతటి మరుపు నాకెవరిస్తారు?

నిన్న సాయంత్రమూ అలాగే రెండు కాఫీలు కలుపుకొచ్చి నా పక్కన కూర్చుంది. నావైపు తేరిపార చూసింది.

"ఏంటక్కా, ఇలా అయిపోయావు? కళ్ళకింద నలుపులు! నీకేదో దిగులుంది. నాతో చెప్పకూడదా?"

పొద్దున్నే చెప్పాను. రోజుకి ఒక్కసారి అని పెట్టుకున్నాను.

"ఏం లేదే. నిద్ర చాలక," అన్నాను.

"ఇలా రా," అని నా తల తన ఒళ్ళోకి లాక్కుని నుదురు నొక్కడం మొదలుపెట్టింది. నేను కళ్ళు మూసుకోలేదు.